జాబితా లేని అన్వేషణ: చారిటీ షాపులలో శాస్త్రీయ సంగీతపు సీడీలు

బ్రిటన్ దేశమున ఏ చిన్న పట్టణమునకు పోయినను, దాని ప్రధానవీథిలో రొట్టెల దుకాణమునకును మందుల దుకాణమునకును నడుమ ఒక చారిటీ షాపైనను కనబడక మానదు. లోపల అడుగిడినంతనే దుస్తులు, వాని వెనుక పింగాణి పాత్రలు, ఆ పిమ్మట పుస్తకములు, అన్నిటికంటె వెనుక, తరచుగ మోకాలి యెత్తుననుండు అరలో, సీడీలు. ఆ సీడీలలోను సినిమాపాటలును పాప్ సంగీతమును ముందు వరుసలో నిలిచి, శాస్త్రీయ సంగీతము మూలకు ఒదిగి యుండును. ఈ యధ్యాయము ఆ మూలను గూర్చినది. అల్పమైన వెలకు అధికమైన సరకు సంపాదించు ఉపాయములు చెప్పుట దీని యుద్దేశము కాదు. అడిగినది లభింపక, ఎవరో ఇచ్చినది మాత్రమే లభించు చోట, లభించినదాని విలువను తత్‌క్షణమే గుర్తింపగల శక్తిని ఎట్లు పెంపొందించుకొనవలయునో చెప్పుటయే నా ప్రయత్నము. ఆ శక్తిని అభ్యసించుటకు ఇంతకంటె అనువైన చోటు నేనెరుగను.

చారిటీ షాపు స్వభావమును మొదట గ్రహింపవలయును. పీడితుల సహాయమునకో, రోగపరిశోధనకో, నిరాశ్రయులైన శిశువుల పోషణకో ధనము కూర్చుటకై ఒక ధర్మసంస్థ, జనులు ఉచితముగ తెచ్చి యిచ్చిన వాడిన వస్తువులను విక్రయించు దుకాణమది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1942లో, గ్రీసు దేశపు క్షామబాధితులకు ఆహారము చేర్పించవలయునని ఆక్స్‌ఫర్డ్ నగరమున ఏర్పడిన సంఘమే పిమ్మట ఆక్స్‌ఫామ్ అను పేర ప్రసిద్ధమయ్యెను. 1940 దశకపు చివర ఆ నగరమునందలి బ్రాడ్ స్ట్రీట్‌లో అది శాశ్వతమైన దుకాణమును తెరచెను. 1987లో అచ్చటనే సెయింట్ జైల్స్ వీథిలో పుస్తకములకే ప్రత్యేకించిన దుకాణమును ప్రారంభించెను. బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్, బార్నార్డోస్, ఏజ్ యూకే, క్యాన్సర్ రిసర్చ్, ఇవి గాక మరణాసన్నులైన రోగులకు ఉపచారము చేయు స్థానిక హాస్పిస్‌లు, అన్నియు నేడు ఇట్టి దుకాణములను నడుపుచున్నవి. వీనికి టోకు వర్తకుడు లేడు. కావలసిన సరకును తెప్పించువారు లేరు. అరలో ఉన్నది ఆ యూరివారు తమ యిండ్లనుండి సంచులలో మోసికొని వచ్చి యిచ్చినది. నిన్న లేనిది నేడు ఉండును, నేడు ఉన్నది రేపు ఉండదు.

ఇది గ్రహించినవాడు చేతిలో జాబితా పట్టుకొని పోడు. ఫలానా వాద్యబృందము ఫలానా సంవత్సరమున ధ్వనిముద్రణము చేసిన ఫలానా సింఫనీయే కావలయునని సంకల్పించుకొని పోయినవాని దృష్టి, ఆ యొక్క పేరు కొరకు తక్కిన పేర్లన్నిటిని దాటిపోవుటకు అలవాటుపడును. ఆ పేరు దొరకక మరలివచ్చునప్పుడు, తాను దాటిపోయినవానిలో ఏమేమి కలవో కూడ ఆతనికి తెలియదు. జాబితాకు బదులుగా జ్ఞానమును తీసికొనిపోవలయును. సంగీతకర్తలు ఎవరు, గాయకులును వాదకులును ఎవరు, ముద్రించిన సంస్థలు ఎట్టివి, ఏ దశాబ్దమున ఏ తరహా వాదనము ప్రబలి యుండెను అను సంగతులు తలలో ఎంత విస్తారముగ నున్నచో, అరలో అంత విస్తారముగ వస్తువులు కనబడును. ఇంటర్నెట్‌లో వెదకి తెప్పించుకొనువానికి ఈ యభ్యాసము అబ్బదు. అచ్చట మనము పేరు చెప్పినగాని వస్తువు కనబడదు, చారిటీ షాపులో వస్తువు కనబడినగాని పేరు జ్ఞప్తికి రాదు.

ఇంతటి సంగీతము ఈ యరలకు ఎట్లు చేరినదో కొంచెము విచారింతము. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి రూపొందించిన సీడీ 1982 అక్టోబరులో జపానునందును, మరుసటి సంవత్సరము ఐరోపాయందును విపణికి వచ్చెను. పన్నెండు సెంటీమీటర్ల వ్యాసము గల ఆ బిళ్ళపై గంటకు మించిన సంగీతము నడుమ ఆటంకము లేక వినవచ్చుట, దీర్ఘములైన సింఫనీలను వినువారికి మహాభాగ్యముగ తోచినది. ఎల్పీ రికార్డులపై తమకున్న సంగీతమునే మరల సీడీలపై కొన్న కుటుంబములు బ్రిటన్‌లో అనేకము. ఆ తరమువారు నేడు వృద్ధులైరి. పెద్ద యిండ్లను విడిచి చిన్నయిండ్లకు పోవుచున్నారు, కొందరు లోకమునే విడిచిపోవుచున్నారు. వారి సంతానము సంగీతమును ఫోనులో వినుచున్నది. కావున ఒక్కొక్క గృహమునుండి ముప్పది యేండ్ల సేకరణము ఒక్క మధ్యాహ్నములో దుకాణము వెనుకగదికి వచ్చి చేరుచున్నది.

కొన్ని సీడీలు ఏ యూరి దుకాణమునకు పోయినను ఎదురగును. 1989లో నైజెల్ కెన్నెడీ వాయించిన వివాల్డీ నాలుగు ఋతువుల కచేరీలు. 1990లో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల సందర్భమున రోమునగరపు ప్రాచీన స్నానవాటికల శిథిలములలో పవరోటి, డొమింగో, కరేరాస్ అను మువ్వురు గాయకులు చేసిన కచేరీ. పోలెండ్ దేశీయుడైన గోరెత్స్కీ రచించిన మూడవ సింఫనీకి డాన్ అప్‌షా గాత్రముతో వచ్చిన ముద్రణము. స్పెయిన్‌లోని సిలోస్ మఠపు సన్యాసుల ప్రార్థనాగానము. ఇవన్నియు ఆ కాలమున లక్షలకొలది అమ్ముడుపోయినవి గనుక నేడు లక్షలకొలది తిరిగివచ్చుచున్నవి. వెదకుటలో ఆరితేరినవారు వీనిని చూచినంతనే ముఖము త్రిప్పుకొనుట నేను చూచి యున్నాను. అది వివేకము కాదు. గోరెత్స్కీ సింఫనీ, రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మనుల చెరలో ఒక బాలిక గోడపై వ్రాసిన ప్రార్థనను తన మధ్యభాగమున ధరించిన రచన; అది పదివేల యిండ్లలో ఉన్నంతమాత్రమున దాని దుఃఖము పలుచన కాదు. వస్తువు సులభముగ దొరకుటకును దాని యోగ్యతకును సంబంధము లేదని మొదట నేర్చుకొనిననే తక్కిన పాఠములు ఒంటబట్టును.

ఈ సామాన్య జనాభా నడుమ అప్పుడప్పుడు ఒక వ్యక్తి కనబడును. హైడన్ చతుర్వాద్యరచనల సీడీలు మూడు నాలుగు ప్రక్కప్రక్కన నున్నవి; వాని చెంత షూబర్ట్ గీతముల సంపుటములు కొన్ని; అట్లే మరియొక వరుస పైన బ్రాహ్మ్స్ క్లారినెట్ రచనలు. ఒక్క చేతి యెన్నిక ఇది అని కనిపెట్టుటకు గొప్ప అపరాధపరిశోధకుడు కానక్కరలేదు, పేర్ల నడుమ నున్న బాంధవ్యము తెలిసిన చాలును. ఆ దాత పెద్ద వాద్యబృందముల ఘోషకంటె నలుగురు కూర్చుండి చేయు సంభాషణమును ప్రేమించినవాడు. ఒక విషయమును పట్టినచో సాంతముగ చదువు స్వభావము కలవాడు. అట్టి జాడ కనబడినప్పుడు అర మొత్తమును మొదటినుండి చివరవరకు, వెనుకవరుస ఉన్నచో దానిని కూడ, నిదానముగ చూడవలయును. ఏలయనగా వర్గీకరించువారు సంగీతజ్ఞులు కానక్కరలేదు గనుక, అదే సంచిలోనుండి వచ్చిన బాఖ్ మాస్ క్రిస్మసు పాటలలోను, ఫ్రెంచి గీతములు జాజ్‌లోను చేరి యుండవచ్చును. పిమ్మట బల్లయొద్ద నున్నవారిని, ఇట్టివి లోపల ఇంకను గలవా యని మర్యాదగ అడుగవలయును. వారు వేతనము లేక పనిచేయు స్వచ్ఛందసేవకులు, పలువురు పదవీవిరమణ చేసిన పెద్దవారు. తీరిక యున్నచో వెనుకగది పెట్టెలు చూచి చెప్పుదురు, లేనిచో ఏనాడు రావలయునో చెప్పుదురు. అట్టి చోట బేరమాడుట తగదు. అందలి ప్రతి పెన్నీ ఒక రోగి పడకకో ఒక శిశువు భోజనమునకో పోవునది. ఎంతో అరుదైన సంపుటము ఒకటి రెండు పౌన్లకే దొరకినచో, వెల చెల్లించిన పిమ్మట బల్లపైనున్న విరాళపు డబ్బాలో మరికొంత వేయుట ఉచితము; దుకాణమువారు ఎరుగని విలువను మనము ఎరిగినందున ఆ సంస్థ నష్టపోరాదు.

ఇక జ్ఞానసంపాదన మార్గము. ఆశ్చర్యకరమైన సంగతి యేమనగా, ఆ జ్ఞానము కూడ ఆ దుకాణములోనే, నాలుగడుగుల దూరమున, పుస్తకముల యరలో దొరకును. ఎడ్వర్డ్ గ్రీన్‌ఫీల్డ్, రాబర్ట్ లేటన్, ఐవన్ మార్చ్ అను మువ్వురు విమర్శకులు పెంగ్విన్ సంస్థ తరఫున అనేక సంవత్సరములు వెలువరించిన మార్గదర్శి గ్రంథము, ఇటుకవలె బరువైనది, సంగీతకర్తల అకారాదిక్రమమున ముద్రణములను తులనచేసి నక్షత్రములిచ్చినది, నేడు కొత్త కూర్పులు రానందున స్వల్పమైన వెలకు లభించును. పాతకూర్పయినను సంకోచింపవలదు, చారిటీ షాపు సీడీలు కూడ ఆ కాలమువే కదా! రచయితయైన కాంప్టన్ మెకెన్జీ 1923లో స్థాపించిన ‘గ్రామోఫోన్’ పత్రిక పాతసంచికలును అట్లే ఉపకరించును. ఆ విమర్శకుల తీర్పును శిరసావహింపనక్కరలేదు. వారు నిందించిన ముద్రణము మీ చెవికి ప్రియమైనచో ఎందువలన ప్రియమైనదో విచారించుకొనుట, వారు మెచ్చినది మీకు రుచింపనిచో మరల వినుట, ఈ రెండిటివలన మీ యభిరుచికి మీ సొంత పునాది ఏర్పడును.

ముద్రణసంస్థల లక్షణములు తెలిసియుండుట మిక్కిలి ఉపయోగకరము, ఎందుకనగా అరలో మొదట కనబడునది అంగుళములో మూడవవంతు వెడల్పైనను లేని అట్టవెన్ను మాత్రమే. డాయిష్ గ్రామోఫోన్ వారి పసుపురంగు, నాక్సోస్ వారి తెలుపు దూరమునుండియే తెలియును. క్లౌస్ హైమన్ 1987లో హాంకాంగ్ కేంద్రముగ ప్రారంభించిన నాక్సోస్, చవుకవెల పెట్టినందున, తొలినాళ్ళలో పలువురి చిన్నచూపునకు గురియయ్యెను. కాని ఆ తెల్లని అట్టలలో హంగరీ దేశపు కొడాయ్ చతుష్టయము వాయించిన హైడన్ రచనలును, యెనో యాండో వాయించిన బీథోవెన్ సొనాటాలును కలవు, అవి కీర్తిమంతుల ముద్రణముల సరసన తలవంచుకొని నిలువవలసినవి కావు. టెడ్ పెరీ 1980లో లండనులో స్థాపించిన హైపీరియన్ సంస్థ మరియొక రీతిది. లోకము మరచిన రచనలను, విక్రయము సందేహాస్పదమైనను, శ్రద్ధతో ముద్రించుట దాని వ్రతము. పియానో విద్వాంసుడు గ్రహమ్ జాన్సన్ నడిపిన షూబర్ట్ సమగ్రగీతావళి ముప్పదియేడు సంపుటములు, ఒక్కొక్కదానితో ఆయన వ్రాసిన వ్యాఖ్యానము చిన్నపుస్తకమంత. 2023లో వేరొక పెద్దసంస్థ చేతికి పోవువరకు హైపీరియన్ వారి సంగీతము చందాకట్టి వినెడు ఇంటర్నెట్ సేవలలో లభింపలేదు గనుక, అన్నేండ్లపాటు వానిని వినగోరినవారు కొనకతప్పలేదు. వాని యజమానులు వానిని జాగ్రత్తగ వాడినవారే యగుట పెక్కుసీడీల స్థితిని బట్టి తెలియును.

అట్టపై ఏఏడీ, ఏడీడీ, డీడీడీ అని మూడక్షరములు కనబడును. ధ్వనిగ్రహణము, కూర్పు, తుది ప్రతి అను మూడు దశలలో ఏది పాత టేపుపద్ధతిని (ఏ), ఏది అంకాత్మకపద్ధతిని (డీ) జరిగినదో అవి తెలుపును. అన్నియు డీలైనచో శ్రేష్ఠమని ఒక భ్రమ వ్యాపించినది. 1958 మొదలు 1965 వరకు వియన్నాలో జాన్ కల్షా పర్యవేక్షణమున షోల్టీ నిర్వహించిన వాగ్నర్ ‘రింగ్’ నాటకచతుష్టయము టేపుపై ముద్రింపబడినదే, అందలి ధ్వని నేటికిని గదినంతయు నింపును. మోనో ముద్రణములను, చిటపటలు వినబడు పూర్వకాలపు ముద్రణములను విడిచిపెట్టుట మరింత శోచనీయము. పాబ్లో కజాల్స్ 1936 మొదలు 1939 వరకు ముద్రించిన బాఖ్ చెల్లో రచనలు ఆ రచనలకు లోకమున మరల స్థానము కల్పించినవి. దినూ లిపాట్టి 1950 సెప్టెంబరులో, మరణమునకు సుమారు రెండున్నర నెలలు ముందు, ఫ్రాన్సులోని బెజాన్సోన్ నగరమున చేసిన తుదికచేరీలో షోపాన్ వాల్ట్‌జులు పదునాలుగింటిలో పదమూడు వాయించి, చివరిదానికి శక్తి చాలక విరమించెను. కాథ్లీన్ ఫెరియర్ 1952లో, అప్పటికే వ్యాధిపీడితయై యుండి, బ్రూనో వాల్టర్ నిర్వహణమున మాలర్ భూమిగీతములను పాడెను. సర్వసామాన్యమైన వస్తువుల నడుమ, బూడిదరంగు ఛాయాచిత్రముతో, ఇవి నిలిచి యుండును. చూచి ‘పాతది’ యని దాటిపోవువారే అధికులు గనుక చాలకాలము నిలిచియే యుండును.

సంకలనముల విషయమున మాత్రము నా యభిప్రాయము దృఢము. ‘మధురమైన శతగీతికలు’, ‘విశ్రాంతికై సంగీతము’ అను తరహా సీడీలలో ఒక సింఫనీనుండి నెమ్మదియైన భాగమును, ఒక కచేరీనుండి చివరి భాగమును త్రుంచి యొకచోట చేర్చుదురు. అది త్యాగరాజ కృతిలో అనుపల్లవిని మాత్రము పాడి లేచిపోయినట్లుండును. నెమ్మదియైన భాగము నెమ్మదిగా తోచుట దానికి ముందు వచ్చిన కల్లోలము చేతనే. సమగ్రరచనలనే కొనుడు. పత్రికలతో ఉచితముగ వచ్చిన సీడీలలో కూడ ఈ భేదము పాటింపవలయును: 1992లో ప్రారంభమైన బీబీసీ మ్యూజిక్ మాగజీన్ సీడీలలో రేడియో కచేరీలనుండి గ్రహించిన సంపూర్ణరచనలు తరచుగ నుండును, వానిలో కొన్ని మరియెక్కడను లేనివి, వార్తాపత్రికలవారు పంచినవానిలో సాధారణముగ ముక్కలే యుండును.

వస్తువును పరీక్షించు విధము మిక్కిలి ముఖ్యము గనుక కొంచెము విస్తరించి చెప్పెదను. పెట్టె పగిలినదని విడువవలదు. క్రొత్త ప్లాస్టిక్ పెట్టె సులభముగ దొరకును. తెరచి చూడక కొనవలదు, లోపల వేరొక సీడీ యుండవచ్చును, ఏదియు లేకపోవచ్చును. రెండు మూడు సీడీల సంపుటమున ప్రతిదానిని లెక్కింపవలయును. నాటకసంగీతమైనచో మూలమును అనువాదమును గల పుస్తకము ఉన్నదా యని చూడవలయును, అది లేనిచో భాష తెలియనివానికి సగము ఆనందము పోయినట్లే. బిళ్ళను అంచులతో పట్టుకొని కిటికీవైపు త్రిప్పి, మెరయు ముఖమున గీతలెట్లున్నవో గమనింపుడు. కేంద్రమునుండి అంచునకు పోవు గీతలను యంత్రము చాలవరకు సవరించుకొనును. చుట్టును వలయాకారముగ, ధ్వనిరేఖ వెంట పోవు గీత, వెంటవెంట సమాచారమును పోగొట్టును గనుక, చిన్నదైనను ప్రమాదకరము. తుడుచునప్పుడును ఇదే సూత్రము: మెత్తని పొడిబట్టతో నడుమనుండి అంచునకు తిన్నగా తుడువవలయును గాని గుండ్రముగ త్రిప్పరాదు. అక్షరములున్న ముఖము కఠినమైనదని పలువురు తలంతురు. నిజమునకు, ప్లాస్టిక్ పొర మందమంతయు మెరయు ముఖమువైపు నున్నది; అక్షరముల క్రింద పలుచని లక్కపూత, దాని క్రిందనే లోహపుపొర. అచ్చట లోతుగ గీరినచో సంగీతమే గీరుకొనిపోవును. దీపమునకు అడ్డముగ పట్టి చూచినప్పుడు సూదిబెజ్జములవంటి వెలుగులు అనేకము కనబడినచో విడిచిపెట్టుడు.

మరియొక వ్యాధి కలదు. సుమారు 1988 మొదలు 1993 వరకు ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ పట్టణమునందలి పీడీఓ కర్మాగారమున తయారైన సీడీలు కొన్ని, వానిపై పూసిన లక్క అట్టకాగితమునందలి గంధకమును అడ్డుకొనలేనందున, కాలక్రమమున అంచునుండి లోపలికి కంచువన్నెకు తిరుగును. ఆ కర్మాగారమున సీడీలు చేయించుకొన్న స్వతంత్రసంస్థలు అనేకము గనుక, విలువైన ముద్రణములే ఈ వ్యాధికి లోనైనవి. నడిమి వలయమున సన్నని యక్షరములతో ఆ కర్మాగారపు పేరు చదువవచ్చును. పేరున్నంతమాత్రమున భయపడనక్కరలేదు, రంగు చూడవలయును. సీడీని యంత్రము లోపలినుండి బయటకు చదువును గనుక చివరి భాగములే మొదట చెడును. ఇంటికి తెచ్చిన పిమ్మట మొదట పరీక్షింపవలసినది చివరి భాగమునే. ఇక 1980, 90 దశకముల లావుపాటి పెట్టెలలో సీడీలు కదలకుండుటకై పెట్టిన స్పంజి ముక్కలు ఏండ్లు గడచినకొలది జిగటగ మారి బిళ్ళలకు అంటుకొనును. కొన్ననాడే వానిని తీసి పారవేయుడు.

ఏ యూరికి పోవలయునని అడిగెదరేమో. సంగీతము ఎచ్చట వినబడుచున్నదో అచ్చటనే సంగీతపు సీడీలు విడువబడును. విశ్వవిద్యాలయ నగరములు, పెద్ద దేవాలయములలో గాయకబృందములు ప్రతిదినము పాడు వించెస్టర్, వెల్స్, సాల్స్‌బరీ వంటి పట్టణములు, వూస్టర్, హెరిఫర్డ్, గ్లాస్టర్ మూడును వంతులవారీగ ఉత్సవము జరుపుకొను ప్రాంతము, 1945నుండి సంగీతోత్సవము జరుగుచున్న చెల్ట్‌నమ్, పదవీవిరమణానంతరము జనులు స్థిరపడు దక్షిణ సముద్రతీరపు ఊళ్ళు, ఎడింబరోలో స్టాక్‌బ్రిడ్జ్ ప్రాంతము. ఇంతకుమించి చెప్పుట అనవసరము. మీ నివాసమునకు సమీపముననున్న సామాన్యమైన దుకాణమునకు క్రమముగ పోవుటయే దూరప్రయాణములకంటె ఫలదాయకము, అచ్చటివారు మీ ముఖమును మీ యభిరుచిని ఎరుగుదురు గనుక.

తెలుగు చదువరికి ఈ యన్వేషణమున రెండు విశేషాధికారములు కలవు. మన చెవికి అలవాటైన ఫిడేలు ఐరోపానుండి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని అభ్యసించి కర్ణాటక సంగీతమున ప్రవేశపెట్టెనని చెప్పుదురు, ముత్తుస్వామి దీక్షితులు ఐరోపా వరుసలకు సంస్కృత సాహిత్యము కూర్చిన నొట్టుస్వరములు నేటికిని బాలురు నేర్చుచున్నారు. కావున పాశ్చాత్యసంగీతమున క్రొత్తగ ప్రవేశించు తెలుగువాడు వంద వాద్యముల సింఫనీతో ఆరంభింపక, బాఖ్ ఒంటి వయొలిన్‌కై వ్రాసిన సొనాటాలతో, పార్టీటాలతో ఆరంభించుట సుకరము. ఒకే గీతరేఖను అనుసరించుటకు అలవాటుపడిన మన చెవికి అందలి వాదన వెంటనే అందును. ఆ యొకే రేఖలో రెండవ స్వరము, మూడవ స్వరము దాగియున్న సంగతి క్రమముగ తెలియును. యహూదీ మెనూహిన్ 1930 దశకమున చేసిన ముద్రణముగాని, ఆర్థర్ గ్రూమియో ఫిలిప్స్ సంస్థకు చేసినదిగాని అరలలో తరచుగ కనబడును.

రెండవ యధికారము ‘ప్రపంచ సంగీతము’ అను శీర్షిక గల అరలో నున్నది. ఆఫ్రికా మద్దెలలును, ఐర్లండు నాట్యములును, తిబెత్తు మంత్రములును కలగాపులగముగ నుండు ఆ చోట, రవిశంకరుడును మెనూహినుడును 1960 దశకమున కలిసి వాయించినది, నింబస్ సంస్థ 1999లో నాలుగు సీడీలతో వెలువరించిన హిందూస్థానీ రాగముల మార్గదర్శి, నోన్‌సచ్ సంస్థ ముద్రించిన రామనాథపురము కృష్ణన్ గానము, దొరకవచ్చును. ఆ అట్ట వెనుక ఆంగ్లలిపిలో వ్రాసిన కృతుల పేర్లను చూచి దుకాణమువారికి ఏమియు తోచదు. కొనుటకు వచ్చిన ఇతరులకును తోచదు. తిరువయ్యారమున ఒక తెలుగు వాగ్గేయకారుడు తన యిష్టదైవముతో మాటలాడిన మాటలు అవి యని గుర్తించువాడు ఆ గదిలో మీరొక్కరే. ఆంగ్లలిపిలో నలిగిపోయిన ఆ తెలుగు పదములను చదివి గ్రహించుట కూడ, నేను మొదట చెప్పిన గుర్తించు శక్తియే. అది మీకు జన్మతః లభించినది. షూబర్ట్ విషయమున, హైడన్ విషయమున దానిని శ్రమించి సంపాదింపవలయును.

కొన్నదానిని వినుట ఈ విద్యలో కష్టతరమైన భాగము. వెల స్వల్పమగుటచే సంచి నిండును. నిండిన సంచి ఇంట నొక మూల చేరును. మరల దుకాణము పిలుచును. వినని సీడీలు గోడనంటి పేరుకొన్న యింటిలో సంగీతము లేదు, సంగీతమును గూర్చిన సంకల్పము మాత్రము కలదు. నేను పాటించు నియమము కఠినమైనది, ఫలవంతమైనది: తెచ్చినవానిని, మొదటి భాగము మొదలు చివరి భాగమువరకు, వేరుపని పెట్టుకొనక, ఒక్కొక్కదానిని రెండుసారులైనను వినువరకు క్రొత్తవానిని కొనను. మొదటిమారు పుస్తకము చదువక వినుట, రెండవమారు చదువుచు వినుట మేలు. విన్న తేదీ, రచన పేరు, వాయించినవారు, మనస్సునకు తోచిన ఒకటి రెండు వాక్యములు ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు. కొన్నేండ్లకు ఆ పుస్తకమే పెంగ్విన్ వారి గ్రంథముకంటె మీకు ప్రమాణమగును. అరయెదుట నిలిచినప్పుడు చేయి ఏవైపునకు పోవుచున్నదో, ఏలపోవుచున్నదో అప్పుడు మీకే తెలియును.

రెండుసారులు విన్న పిమ్మటను మీతో మాటలాడనిదానిని దాచుకొనవలదు, తిరిగి ఇచ్చివేయుడు. ఇచ్చుటకు ముందు పగిలిన పెట్టె మార్చి, స్పంజి తీసివేసి, పుస్తకము లోపల నున్నదా యని చూచి, పలుసీడీల సంపుటమును విడదీయక తాడుతో కట్టుడు. విడిపోయిన నాటకపు రెండవ సీడీ ఎవరికిని పనికిరాదు. బ్రిటన్‌లో ఆదాయపు పన్ను చెల్లించువారైనచో గిఫ్ట్ ఎయిడ్ పత్రము నింపుటకు బద్ధకింపవలదు: మీ వస్తువులమీద వచ్చిన ప్రతి పౌనుకు ప్రభుత్వమునుండి 25 పెన్నీలు ఆ సంస్థకు అదనముగ లభించును. పట్టణమున సంగీతము తెలిసిన స్వచ్ఛందసేవకుడున్న దుకాణము ఏదో విచారించి, అచ్చటనే ఇచ్చి, ఇవన్నియు ఒక్క యింటినుండి వచ్చినవనియు అరలో ఒక్కచోట నుంచిన మేలనియు ఆయనతో చెప్పుడు.